బర్క్లీ ఊరి వైద్యుడు – మా అవ్వ చేతి మచ్చ

మా అవ్వ ఎడమ చేతి పైభాగాన, భుజానికి కొంచెం దిగువగా, రెండు గుండ్రని మచ్చలుండేవి. ఒక్కొక్కటి చింతగింజంత ఉండి, నడుమ కాస్త లోతుగా, అంచుల్లో సన్నని ముడుతలతో కనబడేవి. చిన్నతనంలో ఆమె ఒడిలో కూర్చుని, ఆ మచ్చలపై వేలు పెట్టి, "ఇవేమవ్వా?" అని అడగడం నాకు అలవాటు. "టీకా పొడిచిన గుర్తులు బిడ్డా" అనేది అవ్వ. అంతకు మించి ఏమీ చెప్పేది కాదు. ఎందుకు చెప్పేది కాదో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇటీవల మన సాయంకాలపు తెలుగు తరగతిలో "ట" అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటే ఒక బాలిక "టీకా" అన్నది. మంచి మాటే చెప్పావన్నాను. టీకా అంటే తిలకం, బొట్టు. నొసట పెట్టిన బొట్టులా చేతిపై గుర్తు పడుతుంది కనుక, మన దేశంలో ఈ వైద్యానికి ఆ పేరే నిలిచిపోయింది. ఆ బాలిక అక్కడితో ఆగలేదు. "టీకాను ఎవరు కనిపెట్టారు? ఆయన మనవాడేనా?" అని అడిగింది. మనవాడు కాడు. ఇంగ్లండులో ఒక చిన్న ఊరి వైద్యుడు. అయినా ఆయన చేతిపని మన ముత్తాతల చేతుల మీదికి వచ్చింది. అందుచేత ఆయన కథ మన కుటుంబాల కథలో కూడా కొంత భాగమే. ఆ బాలికకు తరగతిలో చెప్పడానికి సమయం చాలలేదు. మిగిలినది ఇక్కడ రాస్తున్నాను.

తల్లిదండ్రులు లేని బాలుడు

ఇంగ్లండు పడమటి భాగంలో, గ్లాస్టర్‌షైర్ అనే ప్రాంతంలో, సెవర్న్ నదికి సమీపాన బర్క్లీ అనే ఊరుంది. అక్కడ ఒక పాత కోట, దాని పక్కన చర్చి, చుట్టూ పచ్చిక బయళ్ళు. పాడికీ, వెన్నకూ, జున్నుకూ ఆ సీమ పేరుపొందింది. ఆ ఊరి చర్చి మతాచార్యుని ఇంట 1749 మే 17న ఎడ్వర్డ్ జెన్నర్ జన్మించాడు. తొమ్మిదిమంది సంతానంలో అతడు ఎనిమిదవవాడు. అయిదేళ్ళ ప్రాయంలో, 1754లో, రెండు నెలల వ్యవధిలోనే తల్లినీ తండ్రినీ కోల్పోయాడు. అన్నగారూ, ఇంటి పెద్దవారూ అతణ్ణి పెంచారు.

ఆ రోజుల్లో మశూచి అంటే ఎంత భయమో నేటి పిల్లలకు ఊహకు అందదు. ఒళ్ళంతా పొక్కులు లేచి, చీము పట్టి, జ్వరంతో మనిషి తల్లడిల్లేవాడు. వ్యాధి సోకినవారిలో నూటికి ముప్పైమంది వరకు మరణించేవారు. బతికి బయటపడినవారికి ముఖమంతా గుంటలు పడేవి. కొందరికి చూపు పోయేది. ఒకసారి వచ్చి తగ్గినవారికి మాత్రం అది మళ్ళీ వచ్చేది కాదు. ఈ సంగతి మన దేశంలోనూ, చైనాలోనూ, తురుష్క దేశంలోనూ జనులు పూర్వమే గమనించారు. తేలికగా వచ్చిన రోగి పొక్కులోని రసిని తీసి, ఆరోగ్యవంతుని చర్మం గీరి అందులో పెట్టేవారు. రోగం స్వల్పంగా వచ్చి పోయేది. బెంగాలులో ఈ పని చేసే వైద్యులు ఊరూరా తిరిగేవారు. కాన్‌స్టాంటినోపుల్ నగరంలో ఈ పద్ధతిని చూసిన లేడీ మేరీ మాంటెగూ అనే ఆంగ్ల స్త్రీ, 1721లో లండనులో తన కుమార్తెకు దానిని చేయించింది. అక్కడినుంచి ఇంగ్లండులో ఆ పద్ధతి వ్యాపించింది.

అయితే అందులో రెండు ప్రమాదాలున్నాయి. నూటికి ఒకరిద్దరు దానివల్లనే మరణించేవారు. రసి పెట్టించుకున్నవారి నుంచి ఇతరులకు అసలైన మశూచి అంటుకోవచ్చు.

ఎనిమిదేళ్ళ వయసులో బాలుడైన జెన్నర్‌కు ఈ రసిని ఎక్కించారు. నాటి ఆచారం ప్రకారం ముందుగా కొన్ని వారాలపాటు ఒంటినుంచి నెత్తురు తీశారు. విరేచనాలు చేయించారు. సరిగా తిండి పెట్టలేదు. రసి పెట్టిన తరువాత, అదే స్థితిలో ఉన్న ఇతర పిల్లలతో పాటు, ఒక గుర్రపుశాలవంటి చోట ఉంచి, అందరికీ తగ్గేదాకా బయటికి రానీయలేదు. తల్లి లేని ఎనిమిదేళ్ళ బిడ్డ ఆ చీకటి కొట్టంలో పడిన బాధను జెన్నర్ పెద్దయ్యాక కూడా మరవలేదు.

గుర్రంపై తిరిగిన వైద్యుడు

పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో జెన్నర్ చిప్పింగ్ సాడ్బరీ అనే ఊళ్ళో ఒక శస్త్రవైద్యుని వద్ద శిష్యుడుగా చేరాడు. ఆ కాలంలో గ్రామ వైద్యులు కళాశాలకు పోయి చదివేవారు కారు. గురువుగారి ఇంట ఉండి, మందులు నూరి, కట్లు కట్టి, ఆయన వెంట రోగుల ఇళ్ళకు తిరిగి విద్య నేర్చేవారు. మన పల్లెల్లో వైద్యం నేర్చుకున్న తీరు కూడా ఇంచుమించు ఇదే.

1770లో, ఇరవైయొకటవ ఏట, లండను వెళ్ళి జాన్ హంటర్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుని శిష్యుడయ్యాడు. హంటర్ అసాధారణమైన గురువు. ఊహించి ఊరుకోవద్దనీ, చేసి చూడాలనీ శిష్యునికి ఉత్తరాల్లో పదే పదే బోధించేవాడు. కెప్టెన్ కుక్ మొదటి సముద్రయానం నుంచి వచ్చిన మొక్కలనూ ప్రాణి నమూనాలనూ వర్గీకరించే పని జెన్నర్‌కు దొరికింది. కుక్ రెండవ యాత్రలో వెంట వెళ్ళే అవకాశం కూడా వచ్చింది. లండనులోనే ఉండిపోయి ధనం గడించనూ వచ్చును. జెన్నర్ రెండూ కాదని, 1773 నాటికి బర్క్లీకి తిరిగివచ్చి వైద్యం మొదలుపెట్టాడు.

నీలం రంగు కోటు, పసుపు పచ్చని గుండీలు, వెండి ముళ్ళున్న బూట్లు ధరించి, గుర్రమెక్కి ఊరూరా తిరిగే వైద్యుణ్ణి మనం ఊహించుకోవచ్చు. వాన అనక, మంచు అనక, రాత్రి కబురు వచ్చినా బయలుదేరవలసిందే. తీరిక దొరికితే వేణువు ఊదేవాడు, ఫిడేలు వాయించేవాడు, పద్యాలల్లేవాడు. చుట్టుపక్కల వైద్యులతో కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకొని, పూటకూళ్ళ ఇంట కూడి, భోజనం చేస్తూ, తాము చూసిన రోగాలను గురించి ముచ్చటించుకునేవారు.

కోయిల జాతికి చెందిన కక్కూ పక్షి ఇతర పక్షుల గూళ్ళలో గుడ్లు పెడుతుంది గదా! పుట్టిన కక్కూ పిల్లే ఆ గూటిలోని తక్కిన గుడ్లనూ పిల్లలనూ వీపుతో నెట్టి పడవేస్తుందని జెన్నర్ గంటల తరబడి కాపు కాసి కనిపెట్టాడు. 1788లో దానిని ప్రచురించగా, మరుసటి ఏడు రాయల్ సొసైటీ ఆయనను సభ్యుణ్ణి చేసుకుంది. ఆయనకు టీకా వల్ల కాక, ఒక పక్షి పిల్ల వల్ల మొదటి గౌరవం లభించింది.

ఆయన స్వభావాన్ని తెలిపే మరొక విషయం చెప్పాలి. ఛాతీలో నొప్పి వచ్చి మరణించినవారి శరీరాలను పరీక్షించినప్పుడు, గుండెకు రక్తం తెచ్చే నాళాలు గట్టిపడి ఉండడం జెన్నర్ గమనించాడు. అది గొప్ప విషయం. ప్రచురిస్తే కీర్తి వచ్చేది. కాని తన గురువు హంటర్‌కు అదే నొప్పి వస్తున్నదని జెన్నర్‌కు తెలుసు. చదివితే గురువుగారికి తన వ్యాధి ఎంత ప్రమాదకరమో తెలిసిపోతుంది. అందుచేత జెన్నర్ దానిని ప్రకటించలేదు. హంటర్ 1793లో ఆ వ్యాధితోనే మరణించాడు.

ఇల్లు, ఇల్లాలు, బిడ్డలు

1785లో జెన్నర్ చర్చి పక్కనే ఉన్న చాంట్రీ అనే ఇంటిని కొన్నాడు. 1788లో కేథరిన్ కింగ్స్‌కోట్ అనే యువతిని వివాహమాడాడు. ఆమె సంపన్న కుటుంబంలో పుట్టినది, దైవభక్తి గలది. అయితే మొదటినుంచీ ఆరోగ్యం అంతంతమాత్రమే. వారికి ఎడ్వర్డ్, కేథరిన్, రాబర్ట్ అని ముగ్గురు బిడ్డలు. తన పేరు పెద్దకొడుకుకూ, ఇల్లాలి పేరు కూతురికీ పెట్టుకున్నారు. మనం తాతల పేర్లు మనవలకు పెట్టుకున్నట్టే.

1789 చివర, ఆ పెద్దకొడుకు ఇంకా ఏడాది నిండని పసివాడుగా ఉన్నప్పుడు, పందుల మశూచి అని జనులు పిలిచే ఒక స్వల్ప వ్యాధి ఆ చుట్టుపట్ల కనబడింది. అది మశూచినుంచి రక్షిస్తుందేమో చూడాలని జెన్నర్ అనుకున్నాడు. ఎవరి మీద పరీక్షించాడు? తన కన్నబిడ్డ మీద. ఆ రసిని తన కుమారుని చేతికే పెట్టాడు. ఈ సంగతిని పాఠకులు మనసులో ఉంచుకోవాలి. కొద్దిసేపట్లో దీనికి మళ్ళీ వస్తాను.

1796 మే 14

బర్క్లీ సీమలో పాలు పితికేవారికి ఒక నమ్మకం ఉండేది. ఆవు పొదుగు మీద అప్పుడప్పుడు పొక్కులు లేస్తాయి. పాలు పితికేవారి చేతులకు అవి అంటుకుంటాయి. నాలుగు రోజులు చేయి నొప్పి పెట్టి తగ్గిపోతుంది. అది వచ్చినవారికి ఇక మశూచి రాదని వారు చెప్పుకునేవారు. వైద్యులు దానిని పల్లెటూరివారి మాటగా కొట్టివేసేవారు. ఈ నమ్మకం జెన్నర్ సృష్టించినది కాదు. డార్సెట్ ప్రాంతంలో బెంజమిన్ జెస్టీ అనే రైతు, 1774లోనే, తన భార్యకూ ఇద్దరు కొడుకులకూ ఆవు పొక్కు రసిని అల్లిక సూదితో గీరి పెట్టాడు. ఊరివారు అతణ్ణి నానా మాటలు అన్నారు. ఆ ముగ్గురూ బతికారు. అతడు ఏమీ రాయలేదు గనుక లోకానికి తెలియలేదు.

జెన్నర్ చేసిన గొప్ప పని ఏమిటంటే, పాలు పితికేవారి మాటను చులకన చేయకుండా విన్నాడు. ఏళ్ళ తరబడి ఒక్కొక్కరి వృత్తాంతం రాసి పెట్టుకున్నాడు. ఆ తరువాత గురువుగారు చెప్పినట్టు చేసి చూశాడు.

1796లో సారా నెల్మ్స్ అనే పాలు పితికే యువతి చేతికి పొక్కులు వచ్చాయి. బ్లాసమ్ అనే ఆవునుంచి అవి అంటుకున్నాయి. మే 14న జెన్నర్ ఆ పొక్కు రసిని తీసి, జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేళ్ళ బాలుని చేతిపై, ఒక్కొక్కటి అర అంగుళం పొడవున, రెండు గీతలు గీసి పెట్టాడు. ఏడవ రోజున బాలునికి చంకలో కాస్త నొప్పి వచ్చింది. తొమ్మిదవ రోజున చలి, తలనొప్పి, అరుచి. మరునాటికి మామూలుగా తిరిగాడు. జూలై 1న జెన్నర్ అసలైన మశూచి రసిని తీసి ఆ బాలుని చేతికే పెట్టాడు. మశూచి రాలేదు.

జేమ్స్ ఫిప్స్ ఎవరు? జెన్నర్ ఇంట తోటపని చేసే కూలివాని కొడుకు. పేద కుటుంబం. నేను ఈ కథను బడిలో చెప్పిన రోజుల్లో ఈ వాక్యాన్ని త్వరత్వరగా దాటిపోయేవాణ్ణి. ఇప్పుడు దాటలేను. యజమాని వచ్చి "నీ కొడుకు చేయి చాపమను" అంటే, తోటమాలి కాదనగలడా? చెరకు తోటలలో కూలి చేసినవారి సంతతి ఈ ప్రశ్న అడగకుండా ఉండలేదు. జెన్నర్ తన కన్నబిడ్డకు ముందే అటువంటి ప్రయోగం చేశాడన్నది ఆయన పక్షాన చెప్పదగిన మాట. తన చిన్నకొడుకు రాబర్ట్‌కు కూడా 1798లో పదకొండు నెలల వయసులో ఆవు రసిని పెట్టాడు, అయితే అది అంటలేదు. అయినా తండ్రి తన కొడుకు విషయంలో నిర్ణయించడం వేరు, యజమాని కూలివాని కొడుకు విషయంలో నిర్ణయించడం వేరు. నేటి ధర్మం ప్రకారం ఏ వైద్యుడూ అలా చేయరాదు. జెన్నర్‌ను గౌరవిస్తూనే మన పిల్లలకు ఈ మాట కూడా చెప్పాలి.

జేమ్స్‌ను జెన్నర్ మరచిపోలేదు. తరువాతి కాలంలో అతనికి భార్యాబిడ్డలతో ఉండడానికి ఒక చిన్న ఇల్లు అద్దె లేకుండా ఇచ్చి, ముంగిట గులాబీ మొక్కలు నాటించాడు. 1823లో జెన్నర్ అంత్యక్రియలకు జేమ్స్ హాజరయ్యాడు. 1853 వరకు జీవించాడు.

తోటలోని గుడిసె

జెన్నర్ తన పరిశోధనను పంపితే రాయల్ సొసైటీ ఆదరించలేదు. ఇంకా ఆధారాలు సేకరించి, 1798లో తన సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. అందులో ఇరవైమూడు మంది వృత్తాంతాలున్నాయి. లాటిన్ భాషలో ఆవును "వాకా" అంటారు. వ్యాక్సిన్ అన్న మాట అందులోనుంచి పుట్టింది. గోవును పూజించే మనకు ఈ మాట మూలం తెలిసి ఉండడం బాగుంటుంది.

ఎగతాళి చేసినవారు తక్కువేమీ కాదు. టీకా వేయించుకున్నవారి ఒంటినుంచి ఆవులు మొలుచుకొస్తున్నట్టు 1802లో గిల్రే అనే చిత్రకారుడు బొమ్మ గీశాడు. మతం పేరుతో కాదన్నవారున్నారు. పాత పద్ధతితో సంపాదిస్తున్న వైద్యులు కాదన్నారు. అయినా కొన్నేళ్ళలోనే టీకా ఐరోపా అంతటా వ్యాపించింది. 1803లో స్పెయిన్ దేశం ఒక నౌకను అమెరికా ఖండానికి పంపింది. దారిలో రసి ఎండిపోకుండా, ఇరవైఇద్దరు అనాథ బాలురను ఎక్కించి, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వరుసగా టీకా వేస్తూ సముద్రం దాటించారు. అక్కడ కూడా అడగడానికి తల్లిదండ్రులు లేని పిల్లలే దొరికారు.

జెన్నర్ టీకాను తన సొత్తుగా దాచుకోలేదు. అడిగినవారందరికీ రసినీ, సలహానూ ఉత్తరాలలో పంపాడు. చాంట్రీ ఇంటి తోటలో చెట్టు మొద్దులతో కట్టిన ఒక చిన్న గుడిసె ఉండేది. అక్కడ పేదలకు ఉచితంగా టీకా వేసేవాడు. తన వైద్యవృత్తి దెబ్బ తినగా, బ్రిటిష్ పార్లమెంటు 1802లో 10,000 పౌండ్లు, 1807లో 20,000 పౌండ్లు ఇచ్చింది. లండనులో నిలదొక్కుకోవాలని కొంతకాలం ప్రయత్నించాడు గాని, అది ఆయనకు సరిపడలేదు. బర్క్లీకే తిరిగి వచ్చాడు.

ఆ ఇంటికి మశూచి రాలేదు. కాని క్షయ వచ్చింది. పసితనంలో తండ్రి చేతి పరీక్షకు గురైన పెద్దకొడుకు ఎడ్వర్డ్ 1810లో, ఇరవైయొకటవ ఏట, క్షయతో మరణించాడు. 1815లో భార్య కేథరిన్ కూడా ఆ వ్యాధికే బలి అయింది. లోకంలోని బిడ్డలకు ఒక వ్యాధినుంచి రక్షణ తెచ్చిన వైద్యుడు తన ఇంట మరొక వ్యాధి ముందు చేతులు కట్టుకొని నిలబడవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన పెద్దగా ఊరు విడిచి వెళ్ళలేదు. రోగులను చూస్తూ, పేదలకు టీకాలు వేస్తూ, తోటపని చేసుకుంటూ గడిపాడు. 1823 జనవరి 25న తన పుస్తకాల గదిలో పక్షవాతంతో పడిపోయాడు. మరునాడు తెల్లవారుజామున కన్నుమూశాడు. తల్లిదండ్రుల, భార్య, కొడుకుల సరసనే బర్క్లీ చర్చిలో ఆయన సమాధి ఉంది.

మన నేలకు వచ్చిన తీరు

ఇంగ్లండునుంచి హిందూదేశానికి ఆ రోజుల్లో ఓడ ప్రయాణం నెలల తరబడి సాగేది. ఎండకు రసి చెడిపోయేది. ఎన్నోసార్లు పంపి విఫలమయ్యారు. చివరకు వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాదు, బస్రా నగరాల మీదుగా, అంచెలంచెలుగా రసి బొంబాయి చేరింది. 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు అక్కడ టీకా అంటుకుంది. మన దేశంలో టీకా పొందిన మొదటి వ్యక్తి ఆమే. ఆమె చేతినుంచి మరికొందరు పిల్లలకు, వారి చేతులనుంచి ఇతరులకు, అలా చేయి మారి చేయి మారి కొద్దికాలంలోనే మద్రాసుదాకా చేరింది. జెన్నర్‌కు కృతజ్ఞతగా బెంగాలు, బొంబాయి, మద్రాసు రాజధానులనుంచి చందాలు పోగుచేసి ఏడు వేల పౌండ్లకు పైగా పంపారు.

ప్రజలు సులభంగా ఒప్పుకున్నారని కాదు. తెలుగు నాట మశూచిని రోగమని అనేవారు కారు. "పెద్దమ్మవారు పోసింది" అనేవారు. పోలేరమ్మ, గంగమ్మ, మారెమ్మ ఏ పేరుతో పిలిచినా ఆమె తల్లి. ఒంటి మీదికి వచ్చిన తల్లిని తిట్టకూడదు, తరమకూడదు. గుమ్మానికి వేపాకు కట్టి, రోగిని వేపాకులపై పడుకోబెట్టి, చల్లని అంబలి పోసి, ఆమె తనంతట తాను శాంతించి వెళ్ళేదాకా కొలవాలి. అటువంటి ఇంటికి సర్కారు మనిషి వచ్చి, ఎవరో తెలియని బిడ్డ చేతి రసిని మీ బిడ్డ చేతిలో పెడతానంటే తల్లులు జంకడం సహజం. కులం అడ్డు వచ్చింది. రసి తీసేటప్పుడు ఆ బిడ్డకు కలిగే నొప్పి అడ్డు వచ్చింది. తరువాతి కాలంలో దూడలనుంచి రసి తయారుచేయడం నేర్చుకున్నాక ఈ ఇబ్బంది తగ్గింది. మద్రాసు దగ్గర గిండీలో 1899లో స్థాపించిన కింగ్ ఇన్‌స్టిట్యూటు ఆ రసిని తయారుచేసి దక్షిణ దేశానికంతటికీ పంపింది.

ఆ తొలి కాలంలోనే మద్రాసులో ఎల్లిస్ అనే దొర, ప్రజలకు నచ్చజెప్పడానికి, ధన్వంతరికీ అమ్మవారికీ మధ్య సంభాషణగా టీకాను గురించి ఒక కథను తమిళంలో రచించాడు. ఆవు మనకిచ్చిన మరొక వరం ఇదని అందులోని సారాంశం. ఈ ఎల్లిసే 1816లో, తెలుగు సంస్కృతంనుంచి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో ఒక కుటుంబానికి చెందినదనీ మొదటిసారి నిరూపించినవాడు. దొర రాసిన కథను పురాణమని నమ్మించబోవడం ఎంతవరకు సమంజసమో పండితులు చర్చిస్తారు. ప్రజల భాషలో, ప్రజల నమ్మకాన్ని కించపరచకుండా చెప్పాలన్న ఆలోచన మాత్రం మెచ్చదగినది.

చెరకు తోటలో

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసునుంచి డర్బను రేవు చేరింది. అప్పటినుంచి 1911 వరకు 1,52,184 మంది కూలి ఒప్పందం మీద నేటాలు వచ్చారు. అందులో ఎక్కువమంది మద్రాసునుంచి ఓడ ఎక్కినవారు. ఓడ ఎక్కేముందు వైద్యుడు పరీక్షించేవాడు, టీకాలు వేసేవారు. మనలో చాలామంది ముత్తాతలకు స్వగ్రామం విడిచాక తగిలిన మొదటి సూది అదే.

ఓడల జాబితాలలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరుతో పాటు, ఒంటిమీది గుర్తులు కూడా రాసేవారు. మా అవ్వ తండ్రి ఉత్తర ఆర్కాటు జిల్లావాడు. ఆయన పేరుకు ఎదురుగా "ముఖాన మశూచి మచ్చలు" అని ఉంది. పదవీ విరమణ తరువాత ఆ పుటను చూసినప్పుడే ఆయన ముఖం ఎలా ఉండేదో నాకు మొదటిసారి తెలిసింది.

చిన్నతనంలో ఆయనకు అమ్మవారు పోసిందట. ఇంట్లో అందరూ గంగమ్మకు మొక్కుకున్నారట. ఆయన బతికాడు. ఆ మొక్కును ఇక్కడికి వచ్చాక కూడా, తోటలో కట్టుకున్న రేకుల గుడిలో, ఏటేటా అంబలి పోసి తీర్చుకునేవారు. కొన్నేళ్ళ తరువాత ఎస్టేటు పిల్లలకు టీకాలు వేయడానికి మనుషులు వచ్చారు. అవ్వకు అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆమె తమ్మునికి నాలుగు. వారు దేనికి వచ్చారో తెలుగులో చెప్పినవారు లేరు. వరుసలో నిలబడమని కేక మాత్రం వినబడింది. భర్తను కాపాడిన తల్లికి కోపం వస్తుందేమోనని అవ్వ తల్లి భయపడింది. చేతికి దొరికిన కూతురిని వారు వరుసలోకి లాగారు. కొడుకును ఆమె చెరకులో దాచింది.

రెండేళ్ళకు ఆ ప్రాంతానికి మశూచి వచ్చింది. తమ్ముడు బతకలేదు. అవ్వకు ఏమీ కాలేదు. ఆమె తన చేతి మచ్చలను గురించి ఎందుకు మాట్లాడేది కాదో ఇదీ కారణం. మా నాయన ఈ కథను నాకు అవ్వ పోయిన తరువాత చెప్పాడు.

నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో, అవ్వ తల్లిని తలచుకుంటే అజ్ఞానమని కోపం వచ్చేది. ఇప్పుడు రాదు. జెన్నర్ పాలు పితికేవారి మాటను ఎదుట కూర్చొని విన్నాడు గనుకనే టీకా పుట్టింది. ఆ టీకా చెరకు తోటకు వచ్చేసరికి, వినడం అన్నది దారిలో ఎక్కడో జారిపోయింది. ఆ తల్లికి అర్థమయ్యే మాటలో, ఆమెను తల్లిగా గౌరవించి, నాలుగు ముక్కలు చెప్పినవారుంటే ఆ బిడ్డ బతికేవాడేమో. ఆమెకు కొడుకుపై ప్రేమ లేక కాదు. తనకు తెలిసిన ఒకే ఒక రక్షణను ఆమె నమ్ముకుంది.

అవ్వ మాత్రం తన జీవితంలో ఈ రెండింటినీ వేరు చేయలేదు. తన పిల్లలకూ, మనవలకూ టీకా వేయించే రోజున తానే చేయి పట్టుకొని తీసుకుపోయేది. తిరిగి వచ్చేటప్పుడు నేరుగా ఇంటికి రాక, గుడి దగ్గర ఆగి, గంగమ్మకు అంబలి పోసి, మా టీకా పొడిచిన చేతికి దూరంగా, నొసట పసుపు పెట్టేది. నా చేతి మీద ఆ మచ్చ నేటికీ ఉంది.

మశూచి ఇప్పుడు లోకంలో లేదు. ఇరవయ్యవ శతాబ్దంలోనే సుమారు 30 కోట్లమందిని అది బలిగొన్నదని అంచనా. మన దేశంలో చివరి రోగి 1975లో కనబడింది. 1977లో సోమాలియాలో అలీ మావ్ మాలిన్ అనే ఆసుపత్రి వంటవానికి సోకినది సహజంగా వచ్చిన చివరి మశూచి. ఆయన కోలుకున్నాడు. ఒకప్పుడు నొప్పికి భయపడి టీకా తప్పించుకున్న ఆయన, తరువాత తన దేశంలో పోలియో చుక్కల ప్రచారానికి ఇంటింటికీ తిరిగాడు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి నిర్మూలన అయినదని ప్రకటించింది. ఆ తరువాత పుట్టిన మీ పిల్లల చేతులపై ఈ మచ్చ ఉండదు.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ ఏడు అంబలి పూజకు వచ్చినప్పుడు, మీ ఇంటి పెద్దల ఎడమ చేతిని పిల్లలకు చూపించండి. ఆ మచ్చ ఎలా వచ్చిందో వారినే తెలుగులో చెప్పమనండి. మా అవ్వను నేను ఇంకొకసారి అడిగి ఉండవలసింది.